జినోబిలినా, స్కోలానా?

అర్జెంటీనా బాస్కెట్‌బాల్ అంటే ముందు గుర్తొచ్చేది మాను జినోబిలి. కానీ నా మనసు లూయిస్ స్కోలా వైపే మొగ్గుతుంది.

అమెరికా లీగ్ ఎన్‌బీఏలో జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఇద్దరినీ తీసుకున్నది శాన్ ఆంటోనియో స్పర్స్ జట్టే, అదీ రెండో రౌండ్ చివర్లో. 1999లో 57వ పేరుగా పిలిపించుకున్న జినోబిలి, ఇటలీలో బొలోన్యా తరఫున యూరప్ క్లబ్బుల పెద్ద టోర్నీ యూరోలీగ్ గెలిచి 2002లో స్పర్స్‌లో చేరాడు. 16 సీజన్లు, ఒకే జట్టు, 4 టైటిళ్లు. అంత ఆట ఉండి కూడా చాలా ఏళ్లు సబ్‌స్టిట్యూట్‌గా బెంచ్ మీద నుంచే దిగాడు. జట్టు కోసం అలా తగ్గడం చిన్న విషయం కాదు.

స్కోలాకు స్పర్స్ జెర్సీ వేసుకునే యోగమే లేకపోయింది. 2007లో అతన్ని ఆడించుకునే హక్కులు హ్యూస్టన్ జట్టుకు వెళ్లిపోయాయి. ఆ తర్వాత ఫీనిక్స్, ఇండియానా, టొరంటో, బ్రూక్లిన్, చైనా, ఇటలీ... ఎన్‌బీఏ టైటిల్ మాత్రం దక్కలేదు.

దేశం జెర్సీలో లెక్క వేరు. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ సెమీస్‌లో అమెరికాను ఓడించిన రోజు జినోబిలివి 29 పాయింట్లు. ఆ స్వర్ణం ఇద్దరిదీ. 2016 రియో ఒలింపిక్స్ తర్వాత జినోబిలి జాతీయ జట్టు నుంచి తప్పుకున్నాడు, స్కోలా ఆగలేదు. 39 ఏళ్ల వయసులో 2019 ప్రపంచకప్ ఫైనల్ దాకా జట్టును మోశాడు.

టోక్యో ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియా చేతిలో చిత్తుగా ఓడుతుండగా, ఆఖరి నిమిషంలో స్కోలాను చివరిసారిగా బయటికి పిలిచారు. ఆట ఆగిపోయింది. రెండు జట్లూ నిలబడి చప్పట్లు కొట్టాయి. బెంచ్ మీద స్కోలా కళ్లు చెమర్చాయి.