మూడేళ్లు, 78,000 కిలోమీటర్లు: గానుగ నూనె వ్యాపారంలో చిన్న ట్రక్కు

చంద్రగిరి పక్కనున్న మా ఊరిలో మాకు ఒక గానుగ ఉంది. భాకరాపేట ఘాట్ దాటి చిన్నగొట్టిగల్లు, పీలేరు వైపు రైతుల దగ్గర వేరుశనగ కాయలు కొని తెచ్చి, నూనె ఆడించి, పదిహేను కిలోల టిన్నులలో పోసి తిరుపతి దుకాణాలకు రోజూ, చిత్తూరుకు నెలలో రెండు మూడు సార్లు వేస్తాము. 2022 నవంబరు వరకు ఈ రాకపోకలన్నీ అద్దె బండ్ల మీదనే నడిచాయి. ఆ నెలలో మారుతి సూపర్ క్యారీ సీఎన్‌జీ బండి కొన్నాము. ఇప్పటికి అది 78,000 కిలోమీటర్లు తిరిగింది, అందులో ముప్పాతిక వంతు నేనే నడిపాను. చిన్న పికప్ కొనాలనుకుంటున్న వారికి ఉపయోగపడుతుందనే ఉద్దేశంతో, చూసినది చూసినట్లు రాస్తున్నాను.

కొనడానికి ముందు చేసిన ఒక పని గురించి మొదట చెప్పాలి, ఎందుకంటే మా నిర్ణయమంతా దాని మీదనే ఆధారపడింది. 2022 మే, జూన్, జులై నెలలలో ప్రతిరోజూ ఎంత బరువు ఎక్కడికి పోయిందో ఒక నోట్‌బుక్కులో రాసుకున్నాను. బండి కదిలిన రోజులు 84. అందులో 66 రోజులు బరువు 500 కిలోల లోపే ఉంది. 11 రోజులు 500 నుంచి 620 మధ్య ఉంది. టన్ను దాటినవి ఏడు రోజులే. అవి కూడా దామలచెరువు దగ్గర మా తోటలోని తోతాపురి కాయలను గుజ్జు ఫ్యాక్టరీకి తోలిన రోజులు. మా పెదనాయన మాత్రం, “అబ్బయా, కొనేది ఎట్లా కొంటాండావు, పెద్ద బండే తీసుకో, మామిడికాయలు ఒగే తూరి ఏసకపోవచ్చు” అని పట్టుబట్టాడు. ఆయన మాటలో తప్పు లేదు, కానీ ఆ ఏడు రోజుల కోసం మిగిలిన రోజులన్నీ పెద్ద బండిని సగం ఖాళీగా తిప్పాలి. ఆ ఏడు రోజులకు ఇప్పటికీ మేము అద్దె బండినే పిలుస్తున్నాము. దానికయ్యే ఖర్చు, పెద్ద బండికి కట్టవలసి వచ్చే వాయిదాలలోని తేడా ముందు చాలా చిన్నది.

ఆ నోట్‌బుక్కును దగ్గర పెట్టుకునే బండ్లను చూశాము. 2005లో వచ్చి ఈ తరగతికే మరో పేరుగా నిలిచిన టాటా ఏస్ 702 సీసీ, రెండు సిలిండర్ల డీజిల్ ఇంజనుతో మా ప్రాంతంలో ప్రతి ఊరిలోనూ కనిపిస్తుంది, ఏ మెకానిక్కుకైనా దాని పని చేతి మీదే ఉంటుంది. 1.5 లీటర్ల మూడు సిలిండర్ల డీజిల్ ఇంజనున్న అశోక్ లేలాండ్ దోస్త్, 1300 కిలోలు మోసే టాటా ఇంట్రా వి30, 2.5 లీటర్ల మహీంద్రా బొలెరో పికప్ అంతకు పై తరగతివి. రోజూ టన్నుకు పైగా తోలే వారికి వాటి తర్వాతనే ఏదైనా. మా బరువుకు మాత్రం ఆ పెద్ద బండి నూనెకంటే తన ఇనుమునే ఎక్కువగా మోస్తుంది. మేము తీసుకున్న బండి ఖాళీ బరువు టన్ను లోపే, 1.2 లీటర్ల నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజను, గ్యాసుతో నడుస్తుంది, అత్యవసరానికి అయిదు లీటర్ల పెట్రోలు ట్యాంకు ఉంటుంది. ఒక విషయం మాత్రం కొనేవారు తప్పక గమనించాలి. ఇదే బండి పెట్రోలు రకం 740 కిలోలు మోస్తే సీఎన్‌జీ రకం 625 కిలోలే మోస్తుంది. ఆ 115 కిలోలు గ్యాసు సిలిండరుకు, దాని బిగింపులకు పోయినట్లే, మా లెక్కలో ఏడు టిన్నులు. మా రోజువారీ సరుకు 28 టిన్నులు, అంటే టిన్ను బరువుతో కలిపి దాదాపు 450 కిలోలు కనుక మాకు అది అడ్డు కాలేదు. 650 కిలోలు రోజూ తోలే వ్యాపారమైతే మైలేజీ ఆశతో సీఎన్‌జీ రకం కొనడం పొరపాటు.

కాగితాల పని తేలిక. మొత్తం బరువు 3,000 కిలోలు దాటని సరుకు బండికి మోటారు వాహనాల చట్టం 66వ సెక్షను ప్రకారం పర్మిట్టు అక్కరలేదు. కారు నడిపే లైసెన్సుతోనే 7,500 కిలోల లోపు సరుకు బండిని నడపవచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పిన మాటను, 2024 నవంబరులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం మళ్లీ ఖాయం చేసింది. కనుక పని ఒత్తిడి ఉన్న రోజు మా తమ్ముడు కూడా బండి తీస్తాడు, ప్రత్యేకంగా డ్రైవరును పెట్టలేదు.

ఇక అందరూ అడిగే మైలేజీ. బండిలో కనిపించే సూచికను నేను నమ్మలేదు. ఒకే బంకులో, ఒకే వేళలో గ్యాసు నింపించి, బిల్లులోని కిలోలతో తిరిగిన దూరాన్ని భాగించి రాసుకున్నాను. పోయేటప్పుడు 28 టిన్నులు, వచ్చేటప్పుడు ఖాళీ టిన్నులు ఉండే తిరుపతి తిరుగుడులో, రేణిగుంట రోడ్డు రద్దీతో కలిపి కిలో గ్యాసుకు 19 నుంచి 20 కిలోమీటర్లు వస్తుంది. చిత్తూరు హైవే మీద గంటకు అరవై దాటకుండా పోతే 22 వచ్చింది, అదే దారిలో తొందరపడి పోయిన రోజున 19కి పడిపోయింది. భాకరాపేట ఘాట్ ఎక్కి కాయల మూటలతో దిగే రోజున 16కు మించలేదు. ఎవరైనా ఒకే అంకె చెబితే, అది ఏ దారిలో ఎంత బరువుతో వచ్చినదో అడగాలి.

మైలేజీని మేమే చెడగొట్టుకున్న సంగతి కూడా ఉంది. వేరుశనగ కాయల మూటలు బరువుకంటే జాగా ఎక్కువ తింటాయి. టిన్నులతో అయితే ముందు బరువు నిండుతుంది, తొట్టిలో ఇంకా చోటు మిగులుతుంది. మూటలతో తొట్టి నిండిపోతుంది, బరువు మాత్రం నిండదు. ఏడడుగుల పైచిలుకు తొట్టిలో పన్నెండు మూటల తర్వాత పైకి పేర్చక తప్పదు. అందుకని కొన్న మూడో నెలలో ఒక వెల్డింగ్ షాపులో తొట్టి చుట్టూ నాలుగడుగుల ఎత్తున ఇనుప కమ్మీల చట్రం కట్టించాము. సన్న గొట్టాలతో కడతానని ఒప్పుకున్నవాడు మందపు యాంగిల్ ఇనుము వేశాడు. చూడడానికి గట్టిగా ఉందని మేమూ సంతోషించాము. తర్వాతి నెల మైలేజీ 20 నుంచి 17కు దిగింది. ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టరు, టైర్ల గాలి అన్నీ చూపించినా కారణం దొరకలేదు. చివరికి కాయలు తూకం వేయడానికి పోయినప్పుడు ఖాళీ బండిని కాటా మీద ఎక్కించాను. కొన్న రోజు తూకం కంటే 92 కిలోలు ఎక్కువ చూపింది. రోజూ ఆరు టిన్నుల బరువును ఊరికే మోస్తున్నామన్న మాట. దాని మీద, ఆ ఎత్తు చట్రం హైవే మీద గాలిని తెరచాపలా పట్టి ఆపుతోంది. మరుసటి వారమే దానిని కోయించి, మూటలను పట్ట కప్పి తాడుతో బిగించడం మొదలుపెట్టాము. మైలేజీ తిరిగి వచ్చింది. ఆ చట్రానికి పెట్టిన డబ్బు మాత్రం పోయింది.

ఘాట్ మీద ఈ బండి ఎలా ఉంటుందని నన్ను చాలామంది అడిగారు. గ్యాసు మీద ఇంజను బలం పెట్రోలు మీద ఉన్నంత ఉండదు, ఎందుకంటే లోపలికి పోయే గాలిలో కొంత చోటును గ్యాసే ఆక్రమిస్తుంది. 500 కిలోలతో నిటారు మలుపుల దగ్గర రెండో గేరు తప్పదు, ఒకటి రెండు చోట్ల మొదటి గేరు వేయాలి. ఎక్కలేకపోయిన సందర్భం మాత్రం ఒక్కటీ లేదు. దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే దిగితే బ్రేకులు వేడెక్కవు. నాకు భయం కలిగింది నిండు బండితో కాదు, ఖాళీ బండితో. 2023 నవంబరులో ఒక వానరోజు ఖాళీగా ఘాట్ ఎక్కుతుంటే మలుపులో వెనక చక్రాలు పక్కకు జారాయి. ఇంజను ముందు సీట్ల కింద ఉండి వెనక చక్రాలు తోసే బండి కనుక, తొట్టి ఖాళీ అయితే వెనక పట్టు తగ్గుతుంది. అప్పటినుంచి వానాకాలంలో ఖాళీగా పోవలసి వస్తే నూనె తీశాక మిగిలే వేరుశనగ చెక్క మూటలు రెండింటిని సరిగ్గా వెనక ఇరుసు మీదుగా వేసి పోతున్నాను. ఆ వంద కిలోలు మైలేజీని కొంచెం తింటాయి, నేను దానికి బాధపడను.

గ్యాసు నింపుకోవడంలో ఓపిక కావాలి. ఎండాకాలం మధ్యాహ్నం నింపితే వేడికి సిలిండరులో ఒత్తిడి తొందరగా పెరిగి, గ్యాసు తక్కువ కిలోలే ఎక్కుతుంది. అదే తెల్లవారుజామున అయిదు గంటలకు పోతే అరకిలోకు పైగా తేడా కనిపించింది, క్యూ కూడా ఉండదు. బ్రహ్మోత్సవాల రోజులలో ఒక బంకులో గంటన్నర నిలబడ్డాక ఒత్తిడి లేదని పంపేశారు. ఆ రోజు సరుకును ఆ అయిదు లీటర్ల పెట్రోలే దుకాణాలకు చేర్చింది. ఆ ట్యాంకును మరచిపోయి ఎండబెట్టకుండా, వారానికి ఒకసారైనా కొంత దూరం పెట్రోలు మీద నడుపుతున్నాను. సిలిండరుకు మూడేళ్లకు ఒకసారి చేయించవలసిన ఒత్తిడి పరీక్ష మొన్ననే పూర్తయింది. రెండు రోజులు బండి లేకుండా ఉండవలసి వచ్చింది కనుక, ఆ తేదీని ముందే చూసుకుని నూనె టిన్నులు ముందుగా వేసి రావడం మంచిది.

మిగిలిన ఖర్చులు మామూలువే. వెనక టైర్లు 42,000 దగ్గర, క్లచ్ ప్లేటు 61,000 దగ్గర మార్చాము. ఘాట్ మలుపులలో సగం క్లచ్ తొక్కి పట్టే అలవాటు నాకే ఉంది, తమ్ముడు ఆ అలవాటు మాన్పించాడు.

ఇంకొక మాట తప్పక చెప్పాలి. ముందు ఇద్దరికే చోటు ఉంటుంది. కాణిపాకానికో తిరుచానూరుకో పోదామని బంధువులు తొట్టిలో ఎక్కి కూర్చోవడం మా వైపు మామూలు విషయం. నేను ఒప్పుకోను. చట్టం సంగతి అటుంచి, సరుకు బండి బీమా అలా ఎక్కినవారికి అండగా నిలవదు. మా అత్తమ్మ ఈ విషయంలో నా మీద రెండు నెలలు అలిగింది, అయినా నేను బస్సు టికెట్లే కొనిచ్చాను.

ప్రస్తుతం మదనపల్లె దగ్గర టమాటా సాగు చేస్తున్న మా బావమరిది, నా బండినే చూసి ఇదే కొంటానని అంటున్నాడు. అతనికి నా పాత నోట్‌బుక్కులో మిగిలిన పేజీలు ఇచ్చి, మార్కెట్టుకు పోయే క్రేట్లను రోజూ లెక్కపెట్టి రాయమన్నాను. ఇప్పటికి నలభై రోజులు రాశాడు. అందులో ఇరవై ఆరు రోజులు బరువు 900 కిలోలు దాటింది. ఆ అంకెలు చూశాక దోస్త్‌నూ ఇంట్రా వి30నీ కాటా మీద ఎక్కించి, ఖాళీ బరువు చూసి రమ్మని చెప్పాను. వచ్చే ఆదివారం ఇద్దరం కలిసి పోతున్నాము.