ఫోటో రివ్యూకి డబ్బులు కట్టే ముందు ఒక్క నిమిషం ఆగండి

హన్మకొండ, వరంగల్, కాజీపేట వైపు కొత్తగా కెమెరా పట్టుకున్న వాళ్లకు చెప్తున్నా. "పది ఫోటోలు పంపండి, ఒక్కోదాంట్లో తప్పొప్పులు విడమరిచి రాసిస్తాం, తర్వాత అరగంట ఫోన్‌లో మాట్లాడతాం" అని వాట్సాప్‌లో ఒక ప్రకటన తిరుగుతోంది కదా, దానికి నేను 1,500 కట్టి మోసపోయాను. పేరు రాయను, డబ్బుల గొడవ ఇంకా తేలలేదు.

పద్మాక్షి గుట్ట దగ్గర సద్దుల బతుకమ్మవి నాలుగు, ఖిలా వరంగల్ తోరణం మూడు, రామప్ప మూడు పంపాను. ఏరడానికే రెండు రాత్రులు పట్టింది. పన్నెండు రోజులకు పీడీఎఫ్ వచ్చింది, తెరిస్తే ఒక్కో ఫోటో కింద రెండు లైన్లు. "కంపోజిషన్ బాగుంది, లైటింగ్ మీద ఇంకొంచెం దృష్టి పెట్టండి." పొద్దున మంచులో తీసిన తోరణం ఫోటో ఒకటుంది, అందులో మనిషి కాదు కదా కుక్క కూడా లేదు, దాని కింద ఏం రాశాడో తెలుసా? "కళ్ల మీద ఫోకస్ ఇంకా షార్ప్‌గా ఉండాల్సింది." తోరణానికి కళ్లెక్కడివి సార్ అంటే, అది జనరల్ టిప్ అన్నాడు! కరీంనగర్‌లో ఉండే మా దోస్తు పిట్టల ఫోటోలు పంపితే అతనికీ అక్షరం పొల్లు పోకుండా అవే లైన్లు.

ఇంతవరకైతే నవ్వుకుని వదిలేసేవాడిని. రామప్పలో నల్లరాతి మదనిక ఫోటో ఒకటి నాకు వెలిసిపోయినట్టు బూడిద రంగులో వచ్చింది, ఎందుకో అర్థం కాక ప్రత్యేకంగా అడిగాను. "నల్లరాయి కాబట్టి ఎక్స్‌పోజర్ ప్లస్ వన్ పెట్టండి" అన్నాడు, అంటే ఫోటోలో వెలుతురు ఇంకా పెంచమని. నమ్మి మళ్లీ పాలంపేట దాకా బండి మీద పోతే ఇంకా పాడైంది. కెమెరాలో వెలుతురు కొలిచే మీటర్ ఎదురుగా ఏమున్నా మధ్యస్థ బూడిద రంగుకు తేవాలనే చూస్తుంది, ఫ్రేమ్ నిండా నల్లరాయి ఉంటే అదే వెలుతురు పెంచేస్తుంది, మనం మైనస్‌కు తిప్పాలి. వెనక తెల్లటి ఆకాశం ఎక్కువుంటేనే ప్లస్. పైసలు తీసుకుని చెప్పేవాడికి ఇది కూడా తెలియకపోతే ఎట్లా?

అరగంట ఫోన్ అన్నది పదకొండు నిమిషాలే, అందులో ఎనిమిది నిమిషాలు 999 రూపాయల ప్రీసెట్లు (ఎడిటింగ్‌కు రెడీమేడ్ సెట్టింగులు) కొనమని, తర్వాతి బ్యాచ్‌లో చేరమని. డబ్బులు వాపసు అడిగితే బ్లాక్ చేశారు. పైగా నా బతుకమ్మ ఫోటో వాళ్ల పేజీలో "మా స్టూడెంట్ వర్క్" అని పెట్టుకున్నారు.

అదే ఫోటోను ఒక ఆదివారం ఖిలాలో, రీలు కాలం నుంచి స్టూడియో నడిపిన ఒక పెద్దాయనకు కెమెరాలోనే చూపించాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "తమ్మీ, ఇందులో నువ్వేం చూపెట్టాలనుకున్నవ్?" అని అడిగారు. బతుకమ్మను నీళ్లలో వదిలే పాప చేతులు అన్నాను. "మరి నా కన్ను మొదలు ఆ పచ్చ బకెట్ మీదికి పోతున్నదేంది? రెండడుగులు పక్కకు జరిగితే పోయేది. చేతులు కదిలినయ్ చూడు, షట్టర్ 1/30 సెకనుకి కొట్టినవ్, వెలుతురు పట్టే ఐఎస్ఓ వంద మీదనే ఉంచినవ్. 1600కు పో, షట్టర్ జోరు పెంచొచ్చు, జర గ్రెయిన్, చుక్కలు చుక్కలుగ వస్తది, రానియ్యి. దీపం వెలుగు పాప మొహం మీద మంచిగ పడ్డది, దాన్ని మాత్రం ఎడిటింగ్‌లో ముట్టకు." ఛాయ్ పైసలు కూడా ఆయనే ఇచ్చారు.

నిజానికి తప్పు మన దగ్గర కూడా ఉంది. మన గ్రూపులో ఎవరు ఏ ఫోటో పెట్టినా "సూపర్ అన్నా" తప్ప ఇంకో మాట రాయం, నేనూ రాయలేదు, అందుకే బయట పైసలు పెట్టి తిట్టించుకుందామని పోయాను.

ఎవరికైనా కట్టే ముందు ఒక్క ఫోటో పంపి దాని మీద ఏం చెప్తారో వినండి. ఆ ఫోటోలో ఉన్న వస్తువు పేరెత్తకుండా మాట్లాడితే అది ఏ ఫోటో కిందైనా అతికించే మాటే. పెద్ద సైజు ఫైళ్లు ఇవ్వకండి, చిన్నవి చాలు, రా ఫైళ్లు (కెమెరా నుంచి నేరుగా వచ్చే అసలు ఫైళ్లు) అసలే వద్దు. కట్టిన రసీదు, మాట్లాడిన మెసేజ్‌లు దాచుకోండి, నేను వాటితోనే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేస్తున్నా. నాకొచ్చిన పీడీఎఫ్, మా దోస్తుకొచ్చింది పక్కపక్కన పెట్టి చూడాలనుకుంటే అడగండి, పేర్లు కొట్టేసి పంపిస్తా.