కలెక్టరేటు కాగితమా, కోర్టు ఉత్తర్వా, అసలు ఏదీ వద్దా?

"అక్కా, మావాడికి పోయిన నెల పద్దెనిమిది నిండినాయి. గార్డియన్ సర్టిఫికెట్‌కి యాడికి పోవాల?"

వైకల్యం ఉన్న పిల్లల ఇళ్ల నుంచి నెలకు ఒకరిద్దరైనా ఇలా ఫోన్ చేస్తారు. కావలి నుంచో, ఆత్మకూరు నుంచో, ఒక్కోసారి పొదిలి, కనిగిరి నుంచో. పెద్దయినా సొంతంగా వ్యవహారాలు చూసుకోలేని మనిషి తరఫున సంతకం పెట్టే హక్కిచ్చే ఆ కాగితం నేను మా తమ్ముడికి తీసుకున్నానని ఎవరో చెప్పి ఉంటారు. నేను ముందు అడిగేది ఒక్కటే: "దేనికి?" చాలామంది దగ్గర జవాబుండదు. "అందరూ తీసుకుంటున్నారు గదక్కా" అంటారు.

ఆ ప్రశ్న నేను పుట్టించింది కాదు. బుద్ధిమాంద్యం, ఆటిజం లాంటి వైకల్యాలున్నవాళ్ల కోసం చేసిన 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టంలో 14వ సెక్షనే అడుగుతుంది: ఈ మనిషికి గార్డియన్ అవసరమా, అవసరమైతే దేని కోసం అని. కాగితం కోసం తిరిగే ముందు ఇంట్లో కూర్చుని ఈ రెండింటికీ జవాబు రాసుకుంటే సగం తిరుగుడు తప్పుతుంది. పింఛనుకు ఇది తప్పనిసరి అనుకునేవాళ్లున్నారు. మా తమ్ముడికి, వైకల్యం ఎంతో డాక్టర్లు తేల్చి ఇచ్చే సదరం సర్టిఫికెట్ మీద పింఛను ఈ కాగితం రాక ఎన్నో ఏళ్ల ముందు నుంచే వస్తోంది.

అసలు చిక్కు వయసుతో వస్తుంది. 18 ఏళ్లు నిండేదాకా అమ్మానాన్నలు సహజ సంరక్షకులు. నిండిన రోజు నుంచి చట్టం దృష్టిలో వాడు మేజరు, వాడి సంతకం వాడిదే. నిన్నటిదాకా చెల్లిన తండ్రి సంతకం ఈరోజు చెల్లదు. అప్పుడు ముందున్న దారులు మూడు. మా చుట్టాల్లోనే మూడిళ్లు మూడు దారుల్లో పోయాయి కాబట్టి వాటినే చెబుతాను.

మొదటిది మా ఇల్లే, కోవూరు దగ్గర పల్లె. తమ్ముడికి 31 ఏళ్లు, బుద్ధిమాంద్యం. నోట్లను రంగును బట్టి గుర్తుపడతాడు. పది నోటు వరకు ఫరవాలేదు. పసుపు రంగు రెండొందల నోటు చేతికొస్తే మాత్రం హోటల్లో ఇచ్చి, కారం దోశ తిని, చిల్లర అడక్కుండా చేయి కడుక్కుని వచ్చేస్తాడు. నాన్న పోయాక ఆయన డిపాజిట్‌లో వాడి వాటా వాడి ఖాతాలో వేయమని ఒక బ్యాంకుకు పోతే, "కోర్టు ఆర్డరు తెండి" అన్నారు. కౌంటర్లో ఆయన వాడి మొహం కూడా చూడకుండా, "ఈయన సంతకం పెడతాడా?" అని నన్ను అడిగాడు. పెడతాడు. పేరులో కొమ్ములు ఎగిరిపోతాయి, అంతే.

నిజానికి కోర్టు ఆర్డరే అక్కర్లేదు. నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లాలో వేసిన లోకల్ లెవెల్ కమిటీ ఇచ్చే సర్టిఫికెట్‌ను బ్యాంకులు ఒప్పుకోవచ్చని రిజర్వు బ్యాంకు ఎప్పుడో చెప్పింది. ఆ కమిటీలో ముగ్గురుంటారు: కలెక్టరు, రిజిస్టరైన ఒక స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి, వికలాంగులైన ఒకరు. వకీలు అక్కర్లేదు, వాయిదాలుండవు. మమ్మల్ని పిలిచిన రోజు నేను చెప్పాల్సినవన్నీ కంఠతా పట్టుకుని పోయాను. వాళ్లు నన్ను వదిలేసి వాణ్ని అడిగారు: "ఎవరి దగ్గరుంటావబ్బయా?" వాడు కాసేపు ఫ్యాను వంక చూసి, "అక్క దోశ పోస్తది" అన్నాడు. జవాబు సరిపోయిందో లేదో నాకైతే తెలియలేదు గానీ వాళ్లు నవ్వి రాసుకున్నారు.

అక్కడిదాకా సులువే. బరువంతా తర్వాత. గార్డియన్ అయిన ఆరు నెలల్లో వాడి ఆస్తుల జాబితా ఇవ్వాలి. ఏటా మార్చి ముగిసిన మూడు నెలల్లోపల వచ్చిందెంత, ఖర్చెంత, మిగిలిందెంత అని లెక్క చూపాలి. నేను వాణ్ని సరిగ్గా చూడకపోయినా, వాడి సొమ్ము తిన్నా, బంధువుల్లో ఎవరైనా కమిటీకి అర్జీ పెట్టి నన్ను తీసేయించవచ్చు. ఫోన్ చేసేవాళ్లకు ఈ సంగతి చెబితే చాలామంది అవతల ఒక్క క్షణం మాట్లాడరు.

ఇంకో మాట కూడా చెప్పాలి. నాన్న కర్మకాండ అయిన వారానికే మా పెద్దమామ, "వాడికెందుకమ్మా కయ్యలు? చూసుకునేది నువ్వే గదా, అంతా నీ పేరు మీదే పెట్టుకో" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. కానీ 1956 హిందూ వారసత్వ చట్టం 28వ సెక్షన్ ప్రకారం జబ్బుందనో, అంగవైకల్యం ఉందనో ఎవరి వారసత్వమూ పోదు. రెండెకరాల పొలంలో సగం, 40 అంకణాల స్థలంలో సగం వాడివి. వాడి పేరు మీదే ఉన్నాయి. నేను కాపలాదారుని.

రెండో ఇల్లు పొదిలి వైపు. మా చిన్నమామకు స్కిజోఫ్రీనియా. మందులు వేసుకున్నన్నాళ్లు పొగాకు ధర మనకంటే బాగా చెబుతాడు. ఆపితే రెండు నెలలు మనిషి మనిషి కాదు. అత్త కూడా కలెక్టరు కమిటీకే పోదామంది. కుదరదు. నేషనల్ ట్రస్ట్ చట్టం నాలుగింటికే: ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, ఒకటికి మించి ఉన్న బహుళ వైకల్యం. మానసిక జబ్బు అందులో లేదు. 2017 మానసిక ఆరోగ్య చట్టం కింద ఒకరిని తన ప్రతినిధిగా పెట్టుకోవచ్చు గానీ, ఆ ప్రతినిధి పని వైద్యం వరకే. పొలం, బ్యాంకు వాళ్ల చేతుల్లోకి రావు.

వాళ్లకు దారి 2016 వికలాంగుల హక్కుల చట్టంలో దొరికింది. పాత 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలుంటే ఇందులో 21, మానసిక జబ్బు కూడా ఉంది. దాని 14వ సెక్షన్ కింద ఒంగోలులో జిల్లా కోర్టుకు పోయారు. అక్కడ ఇచ్చేది పరిమిత గార్డియన్‌షిప్. ఫలానా నిర్ణయానికి, ఫలానా గడువు వరకు, గార్డియనూ ఆ మనిషీ కలిసి, ఆ మనిషి ఇష్టాన్ని బట్టి నడవాలి. మామ విషయంలో ఉత్తర్వు ఉమ్మడి పొలం ఒక్కదాని అమ్మకం గురించే. అది అయిపోయింది, గార్డియన్‌షిప్పూ అయిపోయింది. ఇప్పుడు మామ సంతకం మళ్లీ మామదే. వకీలు ఫీజు, ఒంగోలు బస్సు ఛార్జీలు, వాయిదాలు అన్నీ కలిపితే మా కాగితం కంటే చాలా ఎక్కువే పడింది. అయినా ఆయన లాంటి మనిషికి అదే మేలు. మందులు వేసుకున్నన్నాళ్లు బుద్ధి నిలకడగా ఉండే మనిషి చేతులు శాశ్వతంగా కట్టేస్తే ఆ రెండు నెలల జబ్బు కంటే అదే పెద్ద జబ్బవుతుంది.

చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. 2016 చట్టం 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చిన నాటి నుంచి, వేరే ఏ చట్టం కింద వచ్చిన గార్డియనైనా పరిమిత గార్డియన్‌గానే నడుచుకోవాలి. అంటే నా చేతిలో కాగితం ఉన్నంత మాత్రాన తమ్ముణ్ని అడక్కుండా అన్నీ నేనే తేల్చేయడానికి లేదు. వాడు నెల్లూరులో హాస్టల్లో ఉండనన్నాడు, ఉంచలేదు.

మూడో ఇల్లు మా పిన్నిది, నెల్లూరు టౌనులోనే. కూతురికి సెరిబ్రల్ పాల్సీ. చేతులు మాట వినవు, మాట సరిగ్గా రాదు. కానీ డిగ్రీ పాసైంది, ఫోన్లో ముక్కుతో టైపు చేసి నాకంటే వేగంగా మెసేజ్ పెడుతుంది. సెరిబ్రల్ పాల్సీ జాబితాలో ఉంది కదా అని పిన్ని ఫారం కూడా తెచ్చేసింది. ఆ రోజు పిన్నితో నాకు పెద్ద గొడవే అయింది. వచ్చిన చిక్కల్లా సంతకం. సంతకం పెట్టలేని ఖాతాదారు వేలిముద్ర గానీ కాలి బొటనవేలి ముద్ర గానీ వేయొచ్చని, ఇద్దరు సాక్షులు గుర్తించాలని, వాళ్లలో ఒకరు బ్యాంకు అధికారి అయి ఉండాలని రిజర్వు బ్యాంకు నిబంధనే ఉంది. పిల్ల చెప్పు విడిచి, సిరా ప్యాడు మీద కాలు ఆనించి ముద్ర వేసింది. లైన్లో వాళ్లంతా మెడలు సాచి చూశారు. ఖాతా ఆ పిల్ల పేరు మీద, ఏటీఎం కార్డు ఆ పిల్ల బ్యాగులో ఉన్నాయి. ఈమెకు గార్డియన్‌ను పెట్టి ఉంటే అమ్మ సంతకం సులువయ్యేది, అమ్మాయి మాట పోయేది. జాబితాలో పేరుండటం వేరు, అవసరం ఉండటం వేరు. జాబితాలో ఉన్నందుకు తీసుకోదగ్గది నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ ఆరోగ్య బీమా. లక్ష రూపాయల దాకా వైద్యం, థెరపీ ఖర్చులొస్తాయి. దాన్ని మాత్రం వెంటనే చేయించాం.

"మేం పోయాక?" అన్నదే అమ్మానాన్నల అసలు దిగులు. దానికి ఈ మూడింట్లో ఏదీ పూర్తి జవాబు కాదు. వీలునామా ఇద్దరు సాక్షులతో తెల్లకాగితం మీదైనా చెల్లుతుంది, రిజిస్టరు చేయిస్తే గొడవలు తక్కువ. ఆస్తి బాగా ఉండి, అన్నదమ్ముల మీద నమ్మకం అంతంతమాత్రమైతే 1882 ట్రస్టుల చట్టం కింద ట్రస్టు పెట్టి, ట్రస్టీల్లో ఒకరిని ఇంటి బయటివాళ్లను పెట్టండి. రెండెకరాల ఇళ్లకు ట్రస్టు నాకైతే బరువనిపిస్తుంది. "పెద్దోడు చూసుకుంటాడులే" అని నోటిమాట నమ్మి అంతా ఆయన పేరున రాసిచ్చేయడం మాత్రం అన్నింటికంటే చెడ్డది. పెద్దోడు మంచోడే అయినా ఆయనకు అప్పులుంటాయి, ఆయన తర్వాత ఆయన పిల్లలుంటారు.

చూసుకునేవాళ్ల సంగతీ ఒక్క మాట. ఎక్కువ ఆసరా కావాల్సినవాళ్లకు సంరక్షకుల భత్యం అని 2016 చట్టం 24వ సెక్షన్‌లో రాసి ఉంది. కేరళలో ఆశ్వాసకిరణం పేరుతో నెలకు 600 రూపాయలు నేరుగా చూసుకునేవాళ్లకే ఇస్తారు. నాకైతే ఆ పేరుతో ఇంతవరకు ఒక్క రూపాయీ రాలేదు. వచ్చేది వాడి పింఛను. మా ఆంధ్రప్రదేశ్‌లో అది 2024 జులై నుంచి నెలకు 6,000 అయింది, మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకు 15,000. అది వాడి డబ్బు. నా జీతం కిందికి రాదు.

పోయిన ఏప్రిల్‌లో కమిటీకి ఇవ్వాల్సిన లెక్క రాస్తున్నా. పింఛను ఇంత, కౌలు వడ్లు ఇన్ని పుట్లు, మందులు ఇంత. పక్కన కూర్చుని చూస్తున్నాడు. "దోశ రాసినావా?" అన్నాడు. రాయలేదు. ఖర్చుల కింద "కారం దోశలు, 1,840" అని రాశాక పెన్ను లాక్కుని, అడుగున నా సంతకం పక్కన కొమ్ముల్లేని తన పేరు పెట్టాడు.