పాత పోలో జీటీ టీఎస్ఐ: కొనేటప్పుడు గేర్‌బాక్సు, కొన్నాక పాలసీ

ఫోక్స్‌వ్యాగన్ 2022లో లెజెండ్ ఎడిషన్‌తో మన దేశంలో పోలోకు స్వస్తి చెప్పింది. అయినా మంచి జీటీ టీఎస్ఐ ఒకటి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కార్ కన్సల్టెన్సీకి వస్తే వారం నిలబడదు. పది లక్షల లోపు బడ్జెట్‌లో ఇంత పికప్, ఇంత గట్టి బాడీ, 100 దాటాక కూడా రోడ్డును పట్టుకుని ఉండే నిలకడ, ఈ మూడూ కలిసి ఇంకో చిన్న కారులో దొరకడం కష్టం. తీర్పు ముందే చెప్పేస్తే: స్టాక్ కండిషన్‌లో (కంపెనీ నుంచి వచ్చినట్టే, మార్పులేవీ లేకుండా) ఉండి, బిల్లులతో సహా సర్వీస్ రికార్డు ఉన్న బండి అయితే పది వేలు ఎక్కువైనా తీసుకోండి. రీమ్యాప్ (పవర్ పెంచేందుకు ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్చడం) చేసి, మళ్ళీ తీసేసి, "ఏమీ చేయించలేదు సార్" అంటూ అమ్ముతున్న బండి ఎంత తక్కువకొచ్చినా వద్దు.

జీటీ టీఎస్ఐ పేరుతో వచ్చినవి రెండు వేర్వేరు బండ్లు. 2013లో రూ.7.99 లక్షల ఎక్స్ షోరూమ్ ధరకు దిగింది మొదటిది. 1197 సీసీ, నాలుగు సిలిండర్ల టర్బో, 105 పీఎస్, 175 ఎన్ఎం, ఏడు గేర్ల డీఎస్‌జీ (రెండు క్లచ్‌లతో పనిచేసే ఆటోమేటిక్ గేర్‌బాక్సు). సున్నా నుంచి 100కు 9.7 సెకన్లని కంపెనీ చెప్పింది. బీఎస్6 నిబంధనలతో 2020లో ఆ ఇంజిన్ పోయి, 999 సీసీ మూడు సిలిండర్ల 110 పీఎస్ ఇంజిన్ వచ్చింది. గేర్‌బాక్సు డీఎస్‌జీ కాదు, ఆరు గేర్ల మామూలు టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్. ఇదే ఇంజిన్‌కు మాన్యువల్ కావాలంటే జీటీ బ్యాడ్జి కింద వెతక్కండి, హైలైన్ ప్లస్ వేరియంట్లో చూడండి. టార్క్ రెండింట్లోనూ 175 ఎన్ఎమ్మే. కానీ స్టీరింగ్ పట్టుకుంటే తేడా తెలిసిపోతుంది. పాత 1.2 పట్టులా సాగుతుంది, డీఎస్‌జీ గేరు మారినట్టే తెలియదు. కొత్త 1.0 కాస్త వణుకుతుంది, కానీ రాత్రిళ్ళు నిద్ర పట్టనిస్తుంది.

నిద్ర సంగతి ఎందుకంటే, 1.2లో ఉన్న డీక్యూ200 డీఎస్‌జీ. ఆయిల్లో మునిగి ఉండని డ్రై క్లచ్‌లు ఇందులో రెండు. 1, 3, 5, 7 గేర్లను ఒక క్లచ్ చూసుకుంటుంది. 2, 4, 6, రివర్స్ రెండో క్లచ్ పని. ఈ ఒక్క విషయం గుర్తుంటే టెస్ట్ డ్రైవ్‌లో సగం రోగ నిర్ధారణ మీరే చేసుకోవచ్చు. రెండో గేరు పడేటప్పుడు కుదుపు, రివర్స్‌లో కూడా వణుకు ఉంటే రెండో క్లచ్ అరిగిందని అర్థం. ఒకటో గేర్లో కదిలేటప్పుడు మాత్రమే వణికితే మొదటి క్లచ్‌ను అనుమానించాలి. బేసి గేర్లు గానీ సరి గేర్లు గానీ మొత్తంగా మాయమై, డ్యాష్‌బోర్డు మీద పీఆర్ఎన్‌డీ అక్షరాలు మిణుకుమిణుకుమంటే గొడవ క్లచ్‌ది కాదు, మెకట్రానిక్‌ది.

క్లచ్‌లను, గేర్లను హైడ్రాలిక్ ప్రెషర్‌తో కదిపే యూనిట్ ఈ మెకట్రానిక్. అందులో ప్రెషర్ నిల్వ ఉంచే అక్యుములేటర్ దగ్గర పగులు వస్తే ఆయిల్ కారిపోతుంది, పంపు ఆగకుండా తిరుగుతుంది, చివరికి బండి గేరు వదిలేసి రోడ్డు మధ్యలో ఆగిపోతుంది. స్కానర్‌లో పీ17బీఎఫ్ కోడ్ కనిపించిందంటే దాదాపు ఇదే. యూనిట్ మొత్తం కొత్తది వేయాలంటే లక్షల్లో మాట. ఇప్పుడు అక్యుములేటర్ హౌసింగ్ ఒక్కటే మార్చే షెడ్లు ఉన్నాయి, ఖర్చు చాలా తగ్గుతుంది. కానీ పని వచ్చినవాడి చేతిలోనే పెట్టాలి; లోపల చెత్త పడితే కొత్త సమస్య మొదలు. అందుకని 1.2 కొనేవాళ్ళు బండి ధర మీద ఇంకో లక్షన్నర పక్కన పెట్టుకోవాలి. పెట్టలేకపోతే 1.0 వైపు వెళ్ళడమే మేలు.

టెస్ట్ డ్రైవ్ ఎలా చేయాలంటే, ముందురోజే అమ్మేవాళ్ళకు "ఇంజిన్ స్టార్ట్ చేసి పెట్టకండి" అని చెప్పాలి. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే ఏదో దాస్తున్నారు. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన మొదటి రెండు మూడు సెకన్లు ముందు వైపు నుంచి గొలుసు గలగలమన్నట్టు శబ్దం వస్తే టైమింగ్ చైన్ సాగింది. ఇక్కడ ఇంజిన్ కోడ్ చూడాలి. సీబీజెడ్‌తో మొదలైతే చైన్, సీజేజెడ్‌తో మొదలైతే బెల్ట్. సర్వీస్ బుక్‌లోని స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. చైన్ సాగితే కిట్ మొత్తం మార్చాల్సిందే, చైన్‌ను బిగుతుగా ఉంచే టెన్షనర్ ఒక్కటే మారిస్తే సరిపోదు.

తర్వాత కనీసం అరగంట సిటీ ట్రాఫిక్‌లో నడపండి. అమీర్‌పేట, బెంజ్ సర్కిల్ లాంటి చోట్లే అయితే ఇంకా మంచిది. డీఎస్‌జీ రోగాలు ఎక్కువగా వేడెక్కాకే బయటపడతాయి, ఖాళీ రోడ్డు మీద అయిదు నిమిషాల రౌండు దేనికీ పనికిరాదు. బ్రేకు వదిలితే బండి దానంతటదే మెల్లగా, కుదుపు లేకుండా కదలాలి. ఫ్లైఓవర్ ఎక్కుడులో ఆపి, బ్రేకు తీసి, మళ్ళీ కదిలించి చూడండి. చివర్లో ఫోక్స్‌వ్యాగన్ బండ్లను లోతుగా చదివే వీసీడీఎస్ గానీ ఓబీడీ ఎలెవెన్ గానీ స్కానర్ ఉన్న మెకానిక్‌తో స్కాన్ చేయించాలి. చౌక స్కానర్లు ఇంజిన్ కోడ్లే చూపిస్తాయి, గేర్‌బాక్సులోకి వెళ్ళవు. క్లచ్ ఎన్నిసార్లు హద్దు మీరి వేడెక్కిందో గేర్‌బాక్స్ కంట్రోల్ యూనిట్ లెక్క పెట్టుకుని ఉంటుంది, అది చదివించండి. నిల్వ ఉన్న పాత ఫాల్టుల పక్కన అప్పటి కిలోమీటర్లు కూడా నమోదై ఉంటాయి. మీటర్లో 48,000 చూపిస్తూ, పాత ఫాల్టు 83,000 దగ్గర వచ్చినట్టుంటే ఇక మాట్లాడేదేముంది, మీటరు తిప్పారు.

2020 అక్టోబర్‌లో హైదరాబాద్, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ మునిగాయి. ఆ బండ్లన్నీ తుక్కుకు పోలేదు. సీట్ బెల్ట్‌ను చివరిదాకా లాగి చూడండి, లోపలి భాగంలో బురద గీత ఉంటే నీళ్ళలో ఉన్న బండే. సీటు పట్టాల కింద తుప్పు, స్టెప్నీ గుంతలో ఒండ్రు కూడా చూడాలి. మెకట్రానిక్‌లో ఎలక్ట్రానిక్స్ ఉన్నాయి కాబట్టి మునిగిన డీఎస్‌జీ బండి ఎంత చౌకైనా లెక్క కుదరదు.

కాగితాల దగ్గర ఒక్క హెచ్చరిక. ఢిల్లీ, కర్ణాటక బండ్లు చౌకగా కనిపిస్తాయి. ఫారం 28 ఎన్‌ఓసీ (పాత ఆర్టీఓ ఇచ్చే నిరభ్యంతర పత్రం), ఇక్కడి లైఫ్ ట్యాక్స్ కలిపితే ఆ చవక ఆవిరవుతుంది. బండి వయసును బట్టి ట్యాక్స్ తగ్గినా చిన్న మొత్తమేమీ కాదు. లోన్ మీద కొన్న బండి అయితే ఆర్‌సీలో బ్యాంకు పేరు తీయించే ఫారం 35, బ్యాంకు క్లియరెన్స్ లేకుండా డబ్బు మొత్తం ఇవ్వకండి.

ఇన్సూరెన్స్‌లోనే చాలామంది దెబ్బతింటారు. ఆర్‌సీ పేరు మారితే పాలసీ దానంతటదే మారిపోతుందని అనుకుంటారు. మోటారు వాహనాల చట్టం 157వ సెక్షన్ థర్డ్ పార్టీ భాగాన్ని మాత్రమే అలా కాపాడుతుంది. మీ బండికి జరిగిన నష్టం క్లెయిమ్ కావాలంటే బదిలీ అయిన 14 రోజుల్లో బీమా కంపెనీకి రాసి, పాలసీని మీ పేరు మీదికి మార్పించుకోవాలి. క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, అంటే నో క్లెయిమ్ బోనస్ (ఎన్‌సీబీ), బండిది కాదు, మనిషిది. అమ్మినాయన 50 శాతం బోనస్ ఆయనతోనే పోతుంది, మిగిలిన కాలానికి ఆ తేడా మీరు కట్టాలి. మీ పాత కారు బోనస్ ఉంటే కంపెనీ నుంచి ఎన్‌సీబీ లెటర్ తీసుకుని దీనికి వాడుకోవచ్చు. పాలసీ అయిపోయి 90 రోజులు దాటితే మాత్రం బోనస్ పూర్తిగా పోతుంది.

థర్డ్ పార్టీ ప్రీమియం పెద్ద లెక్క కాదు. 2022 జూన్‌లో నిర్ణయించిన రేట్ల ప్రకారం 1000 సీసీ లోపు కారుకు ఏడాదికి రూ.2,094, 1000 నుంచి 1500 సీసీ దాకా రూ.3,416. 999 సీసీ ఇంజిన్‌కు దక్కే చిన్న లాభం ఇది. అసలు భారం ఓన్ డ్యామేజ్ (మీ బండికి జరిగే నష్టం) వైపు. భాగాల పాతదనానికి కోత పెట్టకుండా క్లెయిమ్ ఇచ్చే జీరో డెప్రిసియేషన్‌ను అయిదేళ్ళు దాటిన బండికి చాలా కంపెనీలు ఇవ్వవు. అది లేనప్పుడు ప్లాస్టిక్, రబ్బరు భాగాల్లో సగం, అయిదు నుంచి పదేళ్ళ బండి లోహపు భాగాల్లో 40 శాతం మీ జేబు నుంచే. రూ.20,000 బంపర్, రూ.30,000 బానెట్ మార్చాల్సి వచ్చిందనుకుందాం. బంపర్లో పదివేలు, బానెట్‌లో పన్నెండు వేలు, ప్రతి క్లెయిమ్‌లో మీరే భరించాల్సిన తప్పనిసరి డిడక్టిబుల్ వెయ్యి, మొత్తం రూ.23,000 మీవి. పెయింట్ మెటీరియల్లో సగం, అదనం. ఈ లెక్క తెలియకుండా ఐడీవీ (పాలసీలో రాసే బండి విలువ) తగ్గించి ప్రీమియం మిగిల్చుకున్నామని సంబరపడేవాళ్ళే ఎక్కువ.

ఇంకొకటి, మెకట్రానిక్ దానంతటది పాడైతే ఏ మోటారు పాలసీ కూడా పైసా ఇవ్వదు. అది మెకానికల్ బ్రేక్‌డౌన్. ఇంజిన్ ప్రొటెక్ట్ యాడ్ ఆన్ నీళ్ళు లోపలికి వెళ్ళినప్పుడు పనికొస్తుంది, అందులో గేర్‌బాక్సు కూడా ఉందో లేదో పాలసీ వర్డింగ్‌లో చదివి తీసుకోండి.

ఇప్పుడు మాడిఫికేషన్లు. 1.2కి స్టేజ్ 1 రీమ్యాప్ (భాగాలేవీ మార్చకుండా సాఫ్ట్‌వేర్ మాత్రమే) చేస్తే 130 పీఎస్ దరిదాపుల్లోకి వెళ్తుంది, టార్క్ 220 దాటుతుంది. డీక్యూ200 తట్టుకునే హద్దు 250 ఎన్ఎం. అంటే కాగితం మీద జాగా ఉన్నట్టే. ఇబ్బంది గరిష్ఠ అంకెతో కాదు, అది ఎక్కడ వస్తుందన్న దానితో. 1800 ఆర్‌పీఎం దగ్గరే మొత్తం టార్క్ కుమ్మరించే ఫైలు నడపడానికి మజాగా ఉంటుంది, క్లచ్‌ను మాత్రం నమిలేస్తుంది. టార్క్‌ను 2500 దాకా మెల్లగా పెంచే ఫైలు అడగండి. పవర్ కొలిచిన డైనో షీటు రీమ్యాప్‌కు ముందూ తర్వాతా రెండూ తీసుకోండి, ఒరిజినల్ ఫైలు కాపీ మీ దగ్గర ఉంచుకోండి. రీమ్యాప్‌కు ముందే స్పార్క్ ప్లగ్‌లు కొత్తవి వేసి గ్యాప్ 0.7 మిల్లీమీటర్ల దగ్గర పెట్టించాలి. లేదంటే బూస్ట్ పెరిగినప్పుడు మిస్‌ఫైర్ వస్తుంది, కాయిల్ మీద నింద పడుతుంది. ఇంజిన్ ఆయిల్ ఫోక్స్‌వ్యాగన్ 502 00 ఆమోదం ఉన్న 5డబ్ల్యూ-40. కంపెనీ చెప్పే 15,000 కిలోమీటర్లు మరిచిపోయి 7,500కే మార్చండి. ఇది డైరెక్ట్ ఇంజెక్షన్ కాబట్టి ఇన్‌టేక్ వాల్వుల మీద పెట్రోలు పడదు, మసి పేరుకుంటుంది. 70,000 దాటిన బండి పొద్దున్నే ఐడిల్‌లో దడదడలాడుతుంటే రీమ్యాప్ కన్నా ముందు వాల్‌నట్ బ్లాస్టింగ్ (వాల్‌నట్ పెంకుల పొడిని చిమ్మి మసి వదిలించడం) చేయించాలి. ఇవి 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు కోసం తయారైన బండ్లు కావు, ఫ్యూయెల్ గొట్టాలను ప్రతి సర్వీసులో చూపించండి.

నిజానికి ఈ బండికి మొదట పెట్టాల్సిన డబ్బు టైర్లు, బ్రేకుల మీద. వెనక డ్రమ్ బ్రేకులే. ముందు మంచి ప్యాడ్లు, రెండేళ్ళకోసారి డాట్ 4 బ్రేక్ ఫ్లూయిడ్ మారిస్తే శ్రీశైలం ఘాట్ దిగేటప్పుడు తేడా తెలుస్తుంది. స్టాక్ టైరు 185/60 ఆర్15 అయితే 205/55 ఆర్15 వేసినా మొత్తం వ్యాసం అర శాతమే పెరుగుతుంది, స్పీడోమీటర్ తప్పు చెప్పదు. 195/55 ఆర్16 వేస్తే మూడు శాతం దాకా పెరుగుతుంది. బయటి అల్లాయ్‌లకు పీసీడీ (బోల్టు రంధ్రాల వలయం) 5×100, సెంటర్ బోర్ (మధ్య రంధ్రం) 57.1 మిల్లీమీటర్లు ఉండాలి, బోర్ పెద్దదైతే ఆ ఖాళీ నింపే హబ్ రింగులు తప్పనిసరి. ఇక్కడే షాపుల్లో ఎక్కువ తప్పు జరుగుతుంది. ఒరిజినల్ బోల్టుల కుదురు గుండ్రంగా ఉంటుంది, బయటి వీల్స్‌లో చాలావాటిది కోను ఆకారం. పాత బోల్టులే బిగిస్తే అంచు మీదే ఆనుకుని, కొన్నాళ్ళకు వదులవుతాయి. వీల్‌తో పాటే సరైన బోల్టులు కొని, 120 ఎన్ఎంకు టార్క్ రెంచ్‌తో బిగించి, వంద కిలోమీటర్ల తర్వాత మళ్ళీ చూసుకోవాలి.

లోయరింగ్ స్ప్రింగులు, బండి కిందికి దించడం మన స్పీడ్ బ్రేకర్లకు సరిపడవు. పెద్ద శబ్దం చేసే ఎగ్జాస్ట్ అసలే వద్దు. తయారీదారు స్పెసిఫికేషన్‌కు విరుద్ధంగా మార్పులు కుదరవని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మోటారు వాహనాల చట్టం 182ఎ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా ఉంది. బీమా విషయంలో ఇంకా ఇబ్బంది. అల్లాయ్‌లు, మ్యూజిక్ సిస్టమ్ యాక్సెసరీల కింద విలువతో సహా రాయించుకోవచ్చు; ఎలక్ట్రికల్ వాటికి విలువలో నాలుగు శాతం అదనపు ప్రీమియం. రీమ్యాప్‌కు అలాంటి వరస లేదు. కంపెనీకి ఈమెయిల్ పెట్టి లిఖితపూర్వక జవాబు తీసుకోండి. ఏజెంటు ఫోన్లో "ఏం కాదు సార్" అన్న మాట సర్వేయర్ ముందు నిలవదు. రేసింగ్, స్పీడ్ టెస్టింగ్ పాలసీ పరిధిలోకే రావు, కాబట్టి ట్రాక్ డే కి వెళ్ళే రోజు ఆ బండికి ఓన్ డ్యామేజ్ కవర్ లేదనుకునే వెళ్ళాలి.

రీమ్యాప్ చేయించాలని ముందే నిర్ణయించుకున్నవాళ్ళు 1.2 డీఎస్‌జీ జోలికి వెళ్ళకుండా హైలైన్ ప్లస్ 1.0 మాన్యువల్ తీసుకోండి. క్లచ్ అరిగినా మామూలు క్లచ్ ఖర్చే. స్టాక్‌గానే నడుపుకునేవాళ్ళకు 1.2. ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం పాకించకుండా ముందు బండికీ మీకూ మధ్య కాస్త ఖాళీ వచ్చాక కదిలించండి, ఎక్కుడులో యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టకండి. డీలరు "సీల్డ్, మార్చక్కర్లేదు" అన్నా సరే, 60,000 కిలోమీటర్లకు గేర్ ఆయిల్ మార్పించండి.