నాన్న శానిటైజర్, బావ స్టీరింగ్: వైజాగ్‌లో నాలుగు రోజులు

అందరికీ కోవిడ్ టీకా రెండు డోసులూ పడ్డాయి కదా అని 2021 నవంబరులో వైజాగ్ అనుకున్నాం. డిసెంబరు 12న రాష్ట్రంలో తొలి ఒమిక్రాన్ కేసు బయటపడింది, అదీ పక్కనున్న విజయనగరం జిల్లాలో. రాజమండ్రిలో మా ఇల్లు ఆ సాయంత్రమే రెండు పార్టీలైంది. "సముద్రం ఎక్కడికీ పోదు, వచ్చే ఏడు చూద్దాం" అని నాన్న. "ఇంట్లో కూర్చుంటే మాత్రం రాదా, మామయ్యా?" అని బావ.

బావ మాట విని భీమిలి రోడ్డులో ఓ రిసార్టుకి అప్పటికే డబ్బు కట్టేశాను. రద్దు చేస్తే వాపసు ఉండదు, అందుకే రోజుకి 900 తక్కువ. తేదీ మార్చమంటే కుదరదన్నారు. నిజం చెప్పాలంటే మా ధైర్యంలో సగం ఆ అడ్వాన్సే. గదిలోంచి సముద్రం కనిపిస్తుంది, కానీ కిటికీ తెరుచుకోదు. నాన్న టీవీ రిమోట్‌ని ఎంత తుడిచారంటే, రెండో రోజుకి దాని మీద అయిదు అంకె చెరిగిపోయింది. మిగతా రెండు రాత్రులకీ ఎంవీపీ కాలనీలో వంటగది ఉన్న ఫ్లాట్ తీసుకున్నాం. దిగాకే డబ్బు, రెండు వైపులా గాలి, కూరగాయలకి రైతుబజారు. మళ్లీ అలాంటి రోజులొస్తే, వెయ్యి ఎక్కువైనా నా ఓటు దానికే.

అరకుకి రైల్లో, అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ పెట్టెలో వెళ్లాలని అక్క కోరిక. "ఆ ఏసీలో గంటల తరబడి అందరి ఊపిరీ పీల్చాలా?" అన్నారు నాన్న. సరే, కారే. అనంతగిరి ఘాట్‌లో మంచు. ముందు ఏముందో కనిపించని మలుపులో బావ లారీని దాటుతుంటే నాకు చెమటలు పట్టాయి. నాన్న తాపీగా కాఫీ తోటలు చూస్తున్నారు! బొర్రా గుహల్లోకి నేనూ దిగాను, కానీ గుంపు చూసి సగంలోనే వెనక్కొచ్చేశాను. పిరికితనం అనుకోండి.

చివరి సాయంత్రం ఆర్కే బీచ్. కురుసుర జలాంతర్గామి లోపల ఒకరి వెనకొకరు ఇరుగ్గా నడవాలి, అందుకని బయటే ఫోటోలు దిగాం. పక్కనే మురీ మిక్చర్ బండి. అతని మాస్కు గడ్డం కింద ఉంది. ఉల్లిపాయలు, వేరుశెనగలు గుప్పిటతోనే తీసి వేస్తున్నాడు. నేను నాన్న వైపు చూశాను. ఆయన అప్పటికే పొట్లం చాచి, "నిమ్మకాయ ఇంకొంచెం పిండు బాబూ" అంటున్నారు.