రొయ్యల కౌంటా, ఒక్కో రొయ్యా? ప్లాస్మా సిమ్యులేషన్‌కు ఏది మేలు?

"సౌర జ్వాలల మీద ప్రాజెక్టు చేస్తాను సార్. ఎంహెచ్‌డీ తీసుకోనా, పిఐసీ తీసుకోనా?" అని మా ఎమ్మెస్సీ అమ్మాయి అడిగింది. వాళ్లది నెల్లూరు జిల్లా విడవలూరు వైపు, ఇంట్లో రొయ్యల చెరువులున్నాయి. అందుకే సమీకరణాల జోలికి పోకుండా "మీ చెరువులో ఇప్పుడు ఎంత కౌంటమ్మా?" అన్నాను. "50 సార్" అంది.

50 కౌంట్ అంటే కిలోకు 50, సగటున రొయ్య 20 గ్రాములు. అదే వలలో 30 గ్రాములదీ ఉంటుంది, 10 గ్రాములదీ ఉంటుంది. బేరానికి కౌంట్ చాలు. కొన్ని రొయ్యలు ఎందుకు ఎదగట్లేదో తెలియాలంటే మాత్రం ఒక్కోదాన్ని చేతిలోకి తీసుకుని చూడాల్సిందే.

ఎంహెచ్‌డీ, అంటే మాగ్నెటో హైడ్రో డైనమిక్స్, కౌంట్ చూసే పద్ధతి. ప్లాస్మాను, అంటే ఎలక్ట్రాన్లు, అయాన్లుగా విడిపోయిన వాయువును, అయస్కాంత క్షేత్రంతో ముడిపడి పారే ద్రవంలా తీసుకుంటుంది. దీనికి పునాది వేసిన హాన్నెస్ ఆల్ఫ్వెన్‌కు 1970లో నోబెల్ వచ్చింది. లెక్క కోసం చోటును చిన్న చిన్న గళ్లుగా విడగొడతారు. ఒక్కో గడిలో 8 సంఖ్యలుంటే సరిపోతుంది: సాంద్రత, పీడనం, వేగానికి మూడు, అయస్కాంత క్షేత్రానికి మూడు. 256×256×256 గళ్లు పెట్టుకున్నా ఒక జీబీ చిల్లర మెమరీలో పడుతుంది. మామూలు ల్యాప్‌టాప్ చాలు.

పిఐసీ, అంటే పార్టికల్-ఇన్-సెల్, కణాలనే నడిపిస్తుంది. విద్యుత్, అయస్కాంత క్షేత్రాలు గళ్ల మీద ఉంటాయి, ఎలక్ట్రాన్లు, అయాన్లు వాటి మధ్య తిరుగుతాయి. రెండే దిశల్లో 1000×1000 గళ్లు తీసుకుని, గడికి 100 ఎలక్ట్రాన్లు, 100 అయాన్లు వేస్తే 20 కోట్ల కణాలు. కణానికి 48 బైట్లు చొప్పున దాదాపు 10 జీబీ. అప్పటికీ కణాలు చాలక ఫలితంలో వచ్చే గరగర (నాయిస్) పోదు. దాన్ని సగానికి తగ్గించాలంటే కణాలను నాలుగింతలు చేయాలి.

అసలు ఇబ్బంది గడి సైజుతో వస్తుంది. మామూలు పిఐసీలో గడి డెబై దూరం కంటే, అంటే ప్లాస్మాలో ఒక కణం విద్యుత్ ప్రభావం చేరే దూరం కంటే, మరీ పెద్దది కాకూడదు. సూర్యుడి కరోనాలో, అంటే బయటి వాతావరణంలో, ఆ దూరం సుమారు 2 మిల్లీమీటర్లు. జ్వాల పుట్టే వలయం పొడవు 50,000 కిలోమీటర్లనుకుంటే ఒక్క పక్కకే 2,500 కోట్ల గళ్లు కావాలి. ఏ సూపర్‌కంప్యూటరూ మోయలేదు. అందుకే చిన్న ముక్కనే తీసుకుంటారు. ప్రోటాన్ ఎలక్ట్రాన్ కంటే 1836 రెట్లు బరువైనా, లెక్క త్వరగా తేలాలని 25 రెట్లనో 100 రెట్లనో పెట్టుకుంటారు.

ఈ గడి సంగతి మా ల్యాబ్‌లో కళ్లారా చూశాం. ఒక కుర్రాడు గళ్లు పెద్దవి పెట్టి, ఏ అలజడీ లేని ప్లాస్మాను రాత్రంతా నడిపాడు. పొద్దున చూస్తే గ్రాఫులో వేడి ఎక్కుతూనే ఉంది. అది భౌతికశాస్త్రం కాదు, గడి పుట్టించిన వేడి. పాపం, రెండు రోజులు టెన్షన్ పడ్డాడు.

అలాగని ఎంహెచ్‌డీకి లోపాలు లేవని కాదు. జ్వాలలో అయస్కాంత రేఖలు తెగి మళ్లీ అతుక్కుంటాయి. విద్యుత్ నిరోధం సున్నా పెట్టినా కోడ్‌లో అవి తెగుతాయి. తెంపేది గడి ముతకదనం. గళ్లు రెట్టింపు చేస్తే జవాబు మారిందంటే దాన్ని నమ్మకూడదు. ఇంకోటి, ఎలక్ట్రాన్లకు వేరే ఉష్ణోగ్రత ఉంటుందని మామూలు ఎంహెచ్‌డీకి తెలియదు. 2019లో వచ్చిన ఎం87 కృష్ణబిలం చిత్రాన్ని ఎంహెచ్‌డీ సిమ్యులేషన్లతోనే పోల్చారు, కానీ ఎలక్ట్రాన్ల వేడిని విడిగా ఊహించి కలపాల్సి వచ్చింది.

అయాన్లను కణాలుగా, ఎలక్ట్రాన్లను ద్రవంగా తీసుకునే హైబ్రిడ్ పద్ధతీ ఉంది. సౌరపవనానికి, అంటే సూర్యుడి నుంచి వీచే కణాల ప్రవాహానికి, బాగుంటుంది, మొదటి ప్రాజెక్టుకు మాత్రం వద్దంటాను.

శ్రీహరికోట ఇప్పుడు తిరుపతి జిల్లాలోకి పోయినా నెల్లూరోళ్లకు అది మనదే. 2023 సెప్టెంబర్ 2న అక్కడి నుంచే ఆదిత్య-ఎల్1 లేచింది. అందులోని ఆస్పెక్స్ అనే పరికరం సౌరపవన కణాలను కొలుస్తుంది. ఆ కణాల సగటు వేగం, సాంద్రత కావాలంటే ఎంహెచ్‌డీ. వాటిలో కొన్నిటికే అంత శక్తి ఎలా వచ్చిందని అడిగితే పిఐసీ లాంటి, కణాలను విడిగా నడిపే పద్ధతే కావాలి.

"నీకేం తెలుసుకోవాలనుందో ముందు చెప్పమ్మా" అన్నాను. "రేఖలు ఎక్కడ తెగుతాయో, ఎంత వేగంగా తెగుతాయో" అంది. "ఎక్కడ" అన్నదానికి ఎంహెచ్‌డీయే మేలు, నాకు అనుమానం లేదు. "ఎంత వేగంగా" అన్నదాన్ని గళ్లు మార్చి చూశాకే నమ్మాలి. ముందు ఎంహెచ్‌డీ కోడ్‌లను పరీక్షించడానికి అందరూ వాడే ఆర్జాగ్-టాంగ్ సుడి నడిపి కోడ్ సరిగ్గా ఉందో చూడమన్నాను. తర్వాత రేఖలు తెగే చోట ఉండే పలుచటి విద్యుత్ ప్రవాహపు పొర ఒకటి తీసుకుని, దాన్నే 128, 256, 512 గళ్లతో నడిపి, మూడు గ్రాఫులూ ఒకే కాగితం మీద గీసి తెమ్మన్నాను. మూడూ కలవకపోతే అప్పుడు పిఐసీ సంగతి కూర్చుని మాట్లాడుకుంటాం.