అమలాపురంలో లెక్కల ట్యూషన్: ఏడు నెలల తర్వాత నా అభిప్రాయం

మా పాప ఏడో క్లాసండి. ఆగస్టులో ఇక్కడే అమలాపురంలో ఒక మాస్టారి దగ్గర లెక్కల ట్యూషన్‌లో వేశాం, ఆయన పేరు పెట్టొద్దన్నారు కాబట్టి రాయట్లేదు గానీ పిల్లల్ని ఎక్కడ చేర్పించాలా అని చూసేవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నా.

అసలు ట్యూషన్ దాకా వెళ్లింది ఒక్క ప్రశ్న వల్ల. స్కూల్ టెస్టులో 12 కారణాంకాలు రాయమంటే మా పాప 1, 2, 3, 4, 6, 12 రాసి, వాటితోపాటు -1, -2, -3, -4, -6, -12 కూడా రాసింది. పూర్ణ సంఖ్యల పాఠం అప్పుడే అయ్యింది, మైనస్ 3ని మైనస్ 4తో గుణిస్తే 12 వస్తుంది కదా నాన్నా అంటుంది. మొత్తం కొట్టేసి సున్నా వేశారు. రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు. నేను బీకాం చదివాను, ఏం చెప్పాలో నాకూ తెలీలేదు.

మాస్టారు ఆ పేపర్ చూసి ముందు అడిగిన మాట, "ఏ సంఖ్యల్లో అడిగారమ్మా?" అని. సహజ సంఖ్యల్లో అయితే ఆరే, పూర్ణ సంఖ్యల్లో అయితే పన్నెండూ కారణాంకాలే. ఇంకో పూర్ణ సంఖ్యతో గుణిస్తే 12 రావాలి, రూల్ అంతే, అందులో ప్లస్సే ఉండాలని ఎక్కడా లేదన్నారు. గ.సా.భా (గరిష్ఠ సామాన్య భాజకం), క.సా.గు (కనిష్ఠ సామాన్య గుణిజం) నేర్పేటప్పుడు ధన సంఖ్యలతోనే పని కాబట్టి చిన్న క్లాసుల్లో వాటినే రాయిస్తారట, కానీ ప్రశ్నలో ఆ మాట పెట్టనప్పుడు పిల్ల రాసింది తప్పు కాదు అన్నారు. అప్పు ఇంటూ అప్పు ఆస్తి, అంటే మైనస్ ఇంటూ మైనస్ ప్లస్ అవుతుందని పాతకాలపు లెక్కల పండితుడు బ్రహ్మగుప్తుడు క్రీ.శ. 628లోనే రాశాడని కూడా చెప్పారు. మా పాప మొహం చూడాలి అప్పుడు.

గుణిజాల సంగతి మొన్న దాళ్వాకి (రెండో పంటకి) వంతులవారీ నీళ్లు పెట్టినప్పుడు చెప్పారు, నాకైతే అది బాగా ఎక్కింది. మన చేనుకి నాలుగు రోజులకోసారి వంతు అనుకోండి, ఈరోజు నీళ్లొచ్చాయి, ఇంక 4, 8, 12 రోజుల తర్వాత వస్తాయి, మరి 4 రోజుల కిందట, 8 రోజుల కిందట కూడా వచ్చాయి కదా, అవే -4, -8, ఈరోజు సున్నా, అన్నీ 4కి గుణిజాలే. ఇంకో కాలువ కింద వేరే చేనుకి ఆరు రోజులకోసారి, ఈరోజు రెండిటికీ కలిసి వచ్చింది, మళ్లీ కలిసేది 12 రోజులకి. వెనక్కి లెక్కేస్తే 12 రోజుల కిందట, 24 రోజుల కిందట, అలా పోతూనే ఉంటుంది, అన్నిటికంటే చిన్నది అనేదే దొరకదు. ఈరోజునే లెక్కలోకి తీసుకుంటే ఏ రెండు సంఖ్యలకైనా సమాధానం సున్నానే. అందుకే క.సా.గు అంటే సున్నా కాకుండా ఉమ్మడి ధన గుణిజాల్లో చిన్నది అని పెట్టుకున్నారట. ఇంత చిన్న విషయం నాకు ఇన్నేళ్లూ ఎవరూ చెప్పలేదు.

పాప అక్కడితో ఆగలేదు, మరి 7కి 1, 7, -1, -7 నాలుగున్నాయి కదా, రెండే కారణాంకాలు ఉండాల్సిన ప్రధాన సంఖ్య ఎలా అవుతుంది అని అడిగింది. ఆయన సంతోషంగా లేచి బోర్డు మీద "ధన కారణాంకాలు రెండే" అని రాసి ధన కింద గీత పెట్టారు. మైనస్‌వి తర్వాత ఎందుకు కావాలో కూడా చూపించారు, తొమ్మిదో క్లాస్ పిల్లలు చేస్తున్న ఎక్స్ స్క్వేర్ మైనస్ 5ఎక్స్ ప్లస్ 6లో గుణిస్తే 6, కూడితే -5 రావాలి, -2, -3 తీసుకుంటేనే కుదురుతుంది.

బాలేనివి కూడా చెప్పాలి. గది చిన్నది, పద్దెనిమిది మంది పిల్లలు, కరెంటు పోతే ఇన్వర్టర్ లేదు, సాయంత్రం దోమలు. ఒక్క పాఠం మీద వారం కూర్చుంటారు కాబట్టి సిలబస్ స్కూల్ కంటే వెనకబడుతుంది, పరీక్షల ముందు స్పీడ్ ప్రాక్టీస్ మనమే ఇంట్లో చేయించుకోవాలి. ర్యాంకు కోసమే చూసేవాళ్లకి నేను ఇది చెప్పను. ఎందుకు అని అడిగే పిల్లలుంటే మాత్రం తప్పకుండా పంపండి, అడిగితే విసుక్కోని మనిషి ఆయన.

ఫీజు నెలకి 700, ఆదివారం సెలవు. ఐదున్నర బ్యాచ్ నిండిపోయింది, ఏడింటికి ఇంకా ఖాళీలున్నాయన్నారు, వెళ్లేటప్పుడు పిల్లల పాత టెస్టు పేపర్లు పట్టుకెళ్లండి, ముందు అవే చూస్తారు.